లూజు మాస్టారు టీవీ పెట్టిన రోజు

ఆ వీధిలో టైలరుని అందరూ లూజు మాస్టారు అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. మనిషిలో తేడా ఏమీ లేదు. ఉన్న తేడా అంతా ఆయన కుట్టే బట్టల్లోనే ఉంది. ఎవరొచ్చి కొలతలిచ్చినా వాటికి ఒక అంగుళం తన సొంత అభిప్రాయంగా కలుపుతాడు. అడిగితే, "మనిషన్నాక తింటాడు, వంగుతాడు, కూర్చుంటాడు. బట్టలో కాస్త ఊపిరాడొద్దూ?" అంటాడు. బక్కపల్చటి కుర్రాళ్లు అద్దంలో చూసుకుని లబోదిబోమంటే, "ఇవాళ కాకపోతే రేపు ఒళ్లు చేస్తావు, అప్పుడు నన్నే తల్చుకుంటావు" అని ధైర్యం చెప్పి పంపిస్తాడు. యూనిఫారాలు కుట్టించుకునే కంపెనీలకి మాత్రం ఆయనంటే ప్రాణం. ఆయన కుట్టిన ప్యాంటు ఒకరిది ఇంకొకరు వేసుకున్నా ఏ ఇబ్బందీ ఉండదు.

మాస్టారి భార్యకి పుట్టుకతోనే చెవులు వినపడవు. మాటలన్నీ చేతులతోనే. చెవిలో ఇల్లు కట్టుకుని పోరే భార్య లేనందుకు ఆయన్ని అదృష్టవంతుడనుకునే అమాయకులు ఆ వీధిలో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లు ఆవిడ చేతుల్ని కోపంలో చూడలేదు. కోపం వస్తే పది వేళ్లూ ఒకేసారి తిడతాయి. మరీ కోపం వస్తే చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆ ఇంట్లో అంతకు మించిన మౌనం లేదు.

వాళ్లకి ఒక్కతే కూతురు. తను ఏడిస్తే అమ్మకి వినపడదని ఉయ్యాల్లో ఉండగానే కనిపెట్టేసి, ఏడుపు మానేసి, అమ్మ బట్టలు పట్టుకుని గుంజడం నేర్చుకున్న గడుసుపిల్ల. నోటికి మాటలు రాకముందే ఆ పిల్ల చేతులకి మాటలొచ్చాయి. పెద్దయ్యాక ఆ విద్యే చదువుకుని, చదివింది చదివినట్టు అమ్మకీ నేర్పి, పరీక్షలు పాసై, ఇప్పుడు టీవీలో ఉద్యోగం తెచ్చుకుంది. వార్తలు చదివే ఆవిడ పక్కన తెర మూల చిన్న గడిలో నిలబడి, చదివిందంతా సైగల్లో చెప్పడం ఆ పిల్ల పని. ఇవాళే మొదటిరోజు. సాయంత్రం నాలుగింటికి, పది నిమిషాలు.

ఆ పది నిమిషాల కోసమే పెద్ద టీవీ కొన్నారు. ఫోనులో చూస్తే ఆ గడి గోరంత ఉంటుంది. పాత టీవీలో అగ్గిపెట్టంత ఉంటుంది. అందులో ఏది చెయ్యో ఏది వేలో మాస్టారి భార్య కళ్లకి ఆనదు. ఆవిడకి చదువు అంతంత మాత్రం కాబట్టి పేపరుతోనూ పెద్ద పరిచయం లేదు. యాభై అయిదేళ్ల వయసులో ఆవిడ ఇప్పటిదాకా ఒక్క వార్తని కూడా ఇంకొకరి దయ లేకుండా తెలుసుకోలేదు. ఇవాళ తెలుసుకోబోతోంది, అదీ కన్నకూతురి చేతుల మీదుగా. పొద్దుటినుంచీ కళ్లజోడు తుడుస్తూనే ఉంది.

సరిగ్గా మూడింటికి రిమోట్ కనపడలేదు.

వాళ్ల ఇల్లు రెండు గదులు. ముందు గది కొట్టు, వెనక గది సంసారం. మాస్టారు రెండూ గాలించాడు. కుర్చీల కింద, దిండ్ల కింద, గుడ్డపేలికల మూటలో, చివరికి బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున కటింగ్ బల్ల మీద, ఫ్యాను గాలికి ఎగిరిపోయే కాగితం మీద బరువు పెట్టింది రిమోటే. ఆ పక్కనే వాచ్‌మెన్ల కంపెనీకి కుట్టిన నలభై ప్యాంట్లు. జేబు లోతు చాలిందో లేదో చూడ్డానికి చేతికందిన వస్తువు జేబులో వేసి చూడటం మాస్టారికి నలభై ఏళ్ల అలవాటు. మామూలుగా కత్తెర అందుతుంది. పొద్దున రిమోట్ అందింది. జేబు లోతు బ్రహ్మాండంగా సరిపోయింది. కాసేపటికే కంపెనీ వాళ్లొచ్చి ఆ ప్యాంట్లన్నీ పట్టుకెళ్లారు.

వెంటనే కంపెనీ సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు.

"ఏ ప్యాంటులో ఉందో గుర్తుందా మాస్టారూ?"

"ఖాకీదండీ."

"నలభైకి నలభై ఖాకీవే కదండీ. అవి వేసుకుని నలభై మందీ నలభై గేట్ల దగ్గరున్నారు. ఎవడి జేబులో చెయ్యి పెట్టమంటారు?"

మాస్టారు ఫోన్ పెట్టేశాడు. ఎదురుగా భార్య నిలబడి ఉంది. "రిమోట్ ఏదీ?" అని ఆవిడ చేతులు అడిగాయి. ఆయన తన రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకున్నాడు. సైగల్లో నీళ్లు నమలడమంటే అదే. ఆవిడ చేతులు కట్టుకుంది.

ఇక దిక్కు కూతురే. ఫోన్ చేస్తే ఆ పిల్ల మొహానికి ఎవరో పౌడరు అద్దుతుండగా ఎత్తింది.

"నాన్నా, కంగారు పడకు. రిమోట్ లేకపోయినా ఆన్ అవుతుంది. టీవీకి ఎడమ పక్కన, కింద అంచు లోపల చిన్న బటన్ ఉంటుంది. కనపడదు, తడమాలి. ఒక్కసారి నొక్కి వదిలెయ్. మా చానల్లోనే పెట్టి ఆపాను, ఇంకేం ముట్టుకోకు. ఫోన్ తీసేసుకుంటున్నారు నాన్నా, ఉంటా. నువ్వు కుట్టిన కోటు బాగా కుదిరింది, భుజాలు కొంచెం..."

ఫోను కట్టయింది. భుజాలు కొంచెం ఏమిటో మాస్టారికి తెలుసు, కాబట్టి దాని గురించి ఆలోచించదల్చుకోలేదు. బటన్ అన్న మాటతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఊరందరి గుండీలూ కుట్టిన చెయ్యి. కళ్లు మూసుకుని కాజాలు తీసే చెయ్యి. ఒక్క బటన్ దొరక్కపోతుందా! "అయిదు నిమిషాలు" అని భార్యకి చెయ్యి చూపించాడు.

టీవీ గోడకి బిగించి ఉంది. గోడకీ టీవీకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు. ఆయన అందులో చెయ్యి దూర్చి తడమడం మొదలుపెట్టాడు. ఒక మేకు తగిలింది, వైర్లు తగిలాయి, టీవీ బిగించిన రోజునుంచీ కనపడని సూదుల డబ్బా తగిలింది. మూడున్నర అయింది.

మూడున్నరకి జనం వచ్చారు. జనమంటే ఇద్దరే, కానీ ఆ ఇద్దరూ పదిమంది పెట్టు. ఒకరు కొట్టు పక్కనే బండి పెట్టుకునే ఇస్త్రీ ఆయన, ఇంకొకరు పైవాటా ఇంజనీరు గారు. ఇంజనీరు గారు రిటైరయ్యేదాకా రోడ్లు వేయించారు. రోడ్లయినా టీవీలైనా ఇంజనీరు ఇంజనీరేనని ఆయన నమ్మకం. మా అమ్మాయి టీవీలో వస్తోంది, వచ్చి చూడండి అని ఇద్దర్నీ పిలిచింది మాస్టారే. ఇప్పుడు వాళ్లు గోడకి అతుక్కున్న మాస్టారి వీపుని చూస్తూ కూర్చున్నారు.

"ప్లగ్గు పీకి పెట్టారా?" అన్నారు ఇంజనీరు గారు.

"పెట్టానండీ. ఎర్ర లైటు వెలిగింది, అంతే."

"వెలిగిందంటే కరెంటు వస్తోందన్నమాట" అని ఇంజనీరు గారు తేల్చారు. ఆ ముక్కతో గదిలో ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఇస్త్రీ ఆయన ఫోన్ తీశాడు. "మాస్టారూ, ఫోన్నే రిమోట్ చేసుకోవచ్చు. మా బావమరిది చేశాడు. ఇదిగో, యాప్ దించాను." తర్వాత కాసేపు ఫోనుకేసి చూసి మెల్లగా అన్నాడు. "ముందు టీవీ ఆన్ చేసి, దాని మీద సరే అని నొక్కమంటోంది."

"టీవీ ఆనయితే నీ ఫోనెందుకయ్యా నాకు?" అన్నాడు మాస్టారు, చెంప గోడకి ఆనించి.

ఇంజనీరు గారు ఊరుకోకుండా రిమోట్ లేకుండా టీవీ పెట్టడం ఎలాగో చెప్పే వీడియో ఒకటి వెతికి పట్టారు. అది ఏడు నిమిషాలుంది. అందులో కుర్రాడు అయిదు నిమిషాలు తన గురించి చెప్పుకున్నాడు. తర్వాత రెండు ప్రకటనలొచ్చాయి. ఆ తర్వాత, "బటన్ ఒక్కో టీవీకి ఒక్కో చోట ఉంటుంది ఫ్రెండ్స్, మీ టీవీకి ఎక్కడుందో కింద రాయండి" అన్నాడు.

"రెండో వైపు కూడా చూడరాదూ?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

మాస్టారికి పౌరుషం వచ్చింది. "ఎడమ పక్కనని మా అమ్మాయి స్పష్టంగా చెప్పింది. నలభై ఏళ్లుగా కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ కుడుతున్నాను, నాకు ఎడమంటే తెలీదా? అయినా అటుపక్క బీరువా అడ్డం. చెయ్యి పట్టదు."

పది తక్కువ నాలుగైంది. మాస్టారి వేళ్లు కమిలిపోయాయి. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, అవి దుమ్ము వల్ల కావు. కూతురి మొదటిరోజు ఇంకోసారి రాదు. గోడగడియారం చప్పుడు గదిలో ముగ్గురికి వినిపిస్తోంది, వినపడని ఆవిడ ముల్లుకేసి చూస్తోంది. చివరికి ఆవిడ కట్టుకున్న చేతులు విప్పింది. లేచి వచ్చి ఆయన భుజం మీద తట్టింది.

"ఏ పక్కన అని చెప్పింది?"

"ఎడమ పక్కన."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇదే కదా ఎడమ!"

ఆవిడ ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి నుదురు కొట్టుకుంది. తర్వాత ఆయన్ని రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి లాగి, టీవీకి ఎదురుగా నిలబెట్టింది. ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని పైకెత్తి, ఇదీ ఎడమ అని ఊపింది. ఆ తర్వాత టీవీని చూపించి చేతులతో విడమరిచింది. "ఇది టీవీ. కొలతలకి వచ్చిన మనిషి కాదు."

మాస్టారు నోరు తెరిచాడు. జీవితమంతా ఎదురుగా నిలబడ్డ మనుషుల్ని చూసి చూసి, ఎడమంటే ఎదుటివాడి ఎడమేనని ఆయన బుర్రలో స్థిరపడిపోయింది. టీవీ కూడా ఎదురుగా నిలబడింది కాబట్టి, దాని ఎడమ చెయ్యి ఎటుంటే అటే వెళ్లాడు. ఇస్త్రీ ఆయన పకపకా నవ్వాడు. ఇంజనీరు గారు మాత్రం నవ్వలేదు, ఆయన తన ఎడమ చెయ్యి ఏదో ఒకసారి చూసుకుంటున్నారు.

నలుగురూ కలిసి బీరువాని జరిపారు. మాస్టారు ఆ సందులోకి చెయ్యి పోనిచ్చి, కింద అంచు వెంట మడత తడిమినట్టు మెల్లగా తడుముకుంటూ పోయాడు. కందిగింజంత మెత్తనిది ఒకటి వేలికి తగిలింది. ఒక్కసారి నొక్కి వదిలాడు.

తెర మెల్లగా వెలిగింది. ముందు టీవీ తన పేరు చెప్పుకుంది, ఏవో రంగులు తిప్పింది, గుండ్రంగా ఏదో తిరిగి తిరిగి ఆగింది. బొమ్మ వచ్చేసరికి నాలుగైంది. వార్తలు చదివే ఆవిడ పెదవులు కదులుతున్నాయి. మూల గడిలో నల్లకోటు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, వాళ్ల పిల్ల. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక మగవాళ్లు ముగ్గురూ చెవులు రిక్కించారు.

"సౌండ్ ఏదీ?" అన్నారు ఇంజనీరు గారు.

సౌండ్ లేదు. కొన్న దగ్గర్నుంచీ పగలంతా ఆ టీవీ చూసేది మాస్టారి భార్య ఒక్కతే, ఆవిడకి సౌండుతో పనేముంది? సున్నా మీద ఉంది. పెంచాలంటే రిమోట్ కావాలి. మాస్టారు మళ్లీ సందులోకి చెయ్యి పెట్టబోతే ఆవిడ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. నొక్కితే ఆరిపోయిందంటే?

చేసేదేం లేక ముగ్గురు మగవాళ్లూ కూర్చున్నారు. మాస్టారికి సైగలొచ్చు గానీ అవి ఇంట్లో పుట్టిన సైగలు, తిన్నావా, వెళ్లొస్తా, అలగకు లాంటివి. టీవీలో కూతురి చేతులు చదువుకున్న చేతులు, గబగబా పోతున్నాయి. నాలుగు సైగల్లో ఒకటి కూడా ఆయనకి అందలేదు. ఆయన పక్కన భార్య ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కళ్లార్పకుండా చూస్తోంది. తల ఊపింది. అయ్యో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైంది? ఏమైందట?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

మాస్టారు ఆవిడ మోచెయ్యి గీరి ఏమిటని అడిగాడు. ఆవిడ కళ్లు తెర మీదనుంచి తిప్పకుండా, ఒక చెయ్యి మాత్రం ఆయన వైపు ఎత్తి గాల్లో తోసింది. తర్వాత చెబుతాలే, అని.

ఆ సైగ మాస్టారికి బాగా తెలుసు. అది ఆయనదే. ముప్ఫై రెండేళ్లుగా నలుగురు కూర్చుని నవ్వుకున్నప్పుడల్లా, రేడియోలోనో టీవీలోనో ఏదో చెబుతున్నప్పుడల్లా ఆవిడ ఆయన మోచెయ్యి గీరేది, ఆయన ఇలాగే చెయ్యి తోసేవాడు. తర్వాత అడిగితే, ఏం లేదులే అనేవాడు. నిజంగానే పెద్దగా ఏమీ ఉండేది కాదు కాబట్టి అందులో తప్పుందని ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు నవ్వుతున్న మనిషి పక్కన, ఆ నవ్వెందుకో తెలియకుండా పది నిమిషాలు కూర్చుంటే తోచింది. ఆయనకి చాలా సిగ్గేసింది.

వార్తలు అయిపోయాయి. ఆవిడ కళ్లజోడు తీసి, ఈసారి అద్దాల్ని వదిలేసి కళ్లు తుడుచుకుంది. ఇటు తిరిగేసరికి ముగ్గురు మగవాళ్లు ఆవిడ చేతులకేసే చూస్తున్నారు. ఆవిడ కుర్చీ వాళ్లకి ఎదురుగా తిప్పుకుని మొదటినుంచీ మొదలుపెట్టింది. మాస్టారు ఒక్కో సైగకీ గొంతు కలిపాడు. ఎక్కడో పోయిన నెలలో వేసిన రోడ్డు కుంగిపోయింది, అక్కడ ఇంజనీరు గారు గట్టిగా దగ్గారు. నది పొంగి మూడు ఊళ్ల వాళ్లని స్కూళ్లలోకి చేర్చారు. జంతు ప్రదర్శనశాల నుంచి తప్పించుకున్న ఉష్ట్రపక్షి పెట్రోలు బంకులో కార్ల వెనక వరసలో నిలబడింది, అదీ ఆ నవ్వు. ఆ పక్షి మెడ తిప్పిన తీరు, బంకు వాడు పారిపోయిన తీరు ఆవిడ రెండుసార్లు చేసి చూపించింది.

పది నిమిషాల వార్తలు చెప్పడం పూర్తయ్యేసరికి ఆరైంది. ఆవిడ ఒక్కటి కూడా ఏం లేదులే అని దాటేయలేదు.