గురూజీ దినాలు

హిందీ రాష్ట్రం అంచున ఉన్న మా తెలుగు ఊరు తర్లగూడ బడిలో మా గురూజీ రోజూ ప్రార్థన కాగానే ఫోన్ చూసి ఆ తారీఖు విశేషాలు చెప్పేవాడు. హిందీలో దివస్ అని ఉంటే మా కోసం దినం అని తెలుగు చేసేవాడు. "ఇదే రోజు ఎక్కడో ఒక రాజు గద్దె దిగిండు. ఇయ్యాల గొడుగుల దినం కూడా!"

మా వైపు దినమంటే పోయినోళ్లకు పెట్టే భోజనం. బడిలో వండే అవ్వ బిత్తరపోయేది. "గొడుగులకు దినమేంది సారూ? ఎప్పుడు సచ్చినయి?"

ఒకరోజు ఆయన సిగ్గుపడుతూ, "ఇయ్యాల నా జన్మదినం" అన్నాడు. అవ్వ గరిటె పడేసి ఏడ్చింది. మధ్యాహ్నానికి ఊరంతా బియ్యం పట్టుకుని వచ్చింది. గురూజీ తన దినం కూడు తానే మారు వడ్డించుకుని తిన్నాడు.

మొన్న నిజంగానే ఆయన దినం చేశాం. ఫొటో ముందు విస్తరి వేసి అవ్వ అడిగింది. "సారూ, ఇయ్యాల ఇంకా దేని దినం?"