ఆరాక మారిన నీలం

ట్రాయ్ స్టేషన్‌లో షికాగో ట్రైన్ కోసం ఎదురుచూస్తుంటే, పక్క కుర్చీలో ఒక తెలుగు పెద్దాయన కూర్చున్నారు. ఆయన ఒళ్లో కొత్త ఫిషింగ్ రాడ్ ఉంది. దాని రింగులను బిగించి కట్టిన దారాన్ని బొటనవేలితో అదేపనిగా రుద్దుతున్నారు.

“అమ్మా, ఈ దారం నీకు ఏ కలర్‌లా కనిపిస్తోంది?”

“బ్లాక్, అంకుల్.”

అలా అనకుండా ఉండాల్సింది. ఆయన జేబులోంచి మిగిలిన దారపు రీలు తీసి చూపించారు. అది లేత నీలం.

“ఈ రాడ్ నా ఫ్రెండ్ కోసం నేనే కట్టాను. వాడు సెలెక్ట్ చేసిన బ్లూ ఇది. పైన ఎపాక్సీ జిగురు పూత వేసే ముందు, కలర్ నిలబడేలా దారానికి ఇంకో కోటింగ్ వేయాలి. లేకపోతే కింద ఉన్న రాడ్ నలుపంతా పైకి కనిపిస్తుంది. మర్చిపోయాను. ముప్పై ఏళ్లు కార్ల పెయింట్ షాప్‌లో చేసినవాణ్ణి.”

“విప్పి మళ్లీ కట్టొచ్చు కదా అంకుల్?”

“కట్టి ఆరబెట్టేంత టైమ్ లేదమ్మా. వాడు హాస్పిస్‌లో ఉన్నాడు, ఆఖరి రోజులు.”

ఆయన రీలు మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

“వాడికిప్పుడు చూపు ఆనడం లేదు. చేత్తో తడిమి, కలర్ ఎలా వచ్చిందిరా అని నన్నే అడుగుతాడు.”

ట్రైన్‌లో ఆయన సీటు నా వెనకే. నేను లాప్‌టాప్ తెరిచానే గాని ఒక్క లైన్ కూడా చదవలేకపోయాను. వెనకనుంచి ఆయన గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది.

“బ్లూనే రా. నువ్వు చెప్పిన బ్లూనే.”

కాసేపు ఆగి, మళ్లీ ఇంకోలా చెప్పి చూసుకునేవారు. ప్రతిసారీ ఆ రంగు పేరు దగ్గరే తడబడేవారు.