మామగారి ఎద్దూ, పళ్ళికొండ కాటా

ఎద్దుకు జబ్బు చేయడం లోకంలో మామూలే. మేత పడకో, నీళ్ళు మారో, వాన తగిలో చేస్తుంది. తూకం వేయడం వల్ల నేలకు పడ్డ ఎద్దును మాత్రం మీరు చూసి ఉండరు. నేను చూశాను. ఆ ఎద్దు మా మామగారిది. తూకం వేసిన ఘనుణ్ణి నేను. సావకాశంగా కూర్చోండి, చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో ఎవరూ ఆపుకోలేదు.

వేలూరు దగ్గర గుడియాత్తంలో మాది లుంగీల కొట్టు. మా నాన్న నాకు నేర్పిన విద్య ఒక్కటే: కంటితో చూసి నమ్మకు, కొలిచి నమ్ము. ఆ విద్య నాకు ఎంతగా ఒంటబట్టిందంటే, పెళ్ళిచూపుల్లో రాజేశ్వరి తల వంచుకుని కూర్చుంటే, నేను ఆమె చీర అయిదున్నర మీటర్లా ఆరు మీటర్లా అని తేల్చుకునే పనిలో పడ్డాను. ఆవిడ ఈ సంగతి ఇప్పటికీ చుట్టాలందరి ముందూ ఎత్తుతుంది.

మామగారిది కే.వి.కుప్పం దగ్గర పల్లె. ఆయనకు పొలం ఉంది, కూతురుంది, మిన్నల్ ఉన్నాడు. ఈ ముగ్గురిలో ఎవరు ముందని ఆయన్ని అడగకూడదు. మిన్నల్ ఆయన ఎద్దు, అరవంలో మెరుపని అర్థం. మా వైపు సంక్రాంతితో మొదలయ్యే తై, మాసి నెలల్లో ఊరూరా ఎద్దులు వదిలే పండగ జరుగుతుంది. వీధికి రెండు పక్కలా వెదుళ్ళు కట్టి, ఎద్దుల్ని ఒక్కొక్కటిగా వదులుతారు. ఏది తొందరగా గీత దాటితే దానిది గెలుపు. అంతకు ముందేడు మిన్నల్ కొద్దిలో రెండోవాడయ్యాడు. ఈసారి మొదటి బహుమతి మనదే అని మామగారు ఊరంతా చెప్పుకున్నారు.

సరిగ్గా అప్పుడే, మార్గళి, అంటే ధనుర్మాసం మొదట్లో, ఆయన మోటారు షెడ్డు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. వేలూరు ఆస్పత్రిలో చేర్చాం. ఆపరేషనుకు తీసుకెళ్ళేటప్పుడు ఎవరైనా దేవుణ్ణి తలుచుకుంటారు. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"అప్పా, మిన్నల్‌ను మీ ఇంటికి తోలుకోని పో. మేత పెట్టు, నీళ్ళు పెట్టు, చలిగాలి తగలనియ్యొద్దు. అంతే. ఇంకేం చెయ్యొద్దు."

"ఇంకేమన్నా ఉంటే చెప్పండి మామా, చేస్తాను."

"అదే చెప్తా ఉండా నాయనా. ఇంకేం చెయ్యొద్దు."

ఈ ఆఖరి మాటను మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మిన్నల్ మా పెరట్లోకి వచ్చాడు. తెల్లటి ఒళ్ళు, ఎత్తు మూపురం, నన్ను చూసి మాత్రం పనివాణ్ణి చూసినట్టు చూపు. సాయంత్రమయ్యేసరికి మామగారి ఫోను.

"ఎట్లుండాడు నా కొడుకు?"

"బాగుండాడు మామా."

"బాగంటే?"

ఆ ఒక్క ప్రశ్న నన్ను ముంచింది. నిజమే, బాగంటే ఎంత బాగు? కొలత లేని బాగు కూడా ఒక బాగేనా? ఎద్దు నా చేతిలో ఇంత పెరిగిందని అంకె చెబితే మామగారి మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకున్నాను. పళ్ళికొండలో హైవే పక్కన లారీలు తూచే కాటా ఉంది. పొద్దెక్కితే లారీలు బారు కడతాయి కాబట్టి, తెల్లవారుతుండగానే వెళ్ళాలని ఒక చిన్న ట్రక్కు మాట్లాడాను.

రాజేశ్వరి గడపలో అడ్డంగా నిలబడింది. "మంచు ఎట్లా పడతా ఉండాదో చూసినారా? నాయన మీకేం చెప్పినాడు?"

"చలి తగలనియ్యొద్దన్నాడు. అందుకే గదా ఇది!" అంటూ నాలుగు గళ్ళ లుంగీలు కలిపి కుట్టించిన దుప్పటి చూపించాను.

హైవే ఎక్కాక ఆ దుప్పటి ఎద్దు మీద ఎక్కువసేపు లేదు. గాలికి లేచి, వెనకొస్తున్న బస్సు అద్దానికి అతుక్కుంది. బస్సు డ్రైవరు తల కిటికీలోంచి బయటపెట్టి మా వంశాన్నంతా తలుచుకున్నాడు. మిన్నల్ మాత్రం ఒట్టి ఒంటితో మంచులో నిలబడి పళ్ళికొండ చేరాడు.

ట్రక్కు బరువు తీసేస్తే తూకం బ్రహ్మాండంగా వచ్చింది. నేను పొంగిపోయాను. ఒకసారి తూస్తే ఏం తెలుస్తుంది, మళ్ళీ తూస్తేనే గదా పెరుగుదల తెలిసేది అని వారం తిరక్కుండా మళ్ళీ తీసుకెళ్ళాను. తగ్గాడు! కాస్తో కూస్తో కాదు, అర మూట బియ్యమంత తగ్గాడు. మేత చాలడం లేదని తీర్మానించాను. నానబెట్టిన మినుములు, బెల్లం, గుడ్లు, ఖర్జూరాలు తెచ్చి తొట్టి నింపాను. మిన్నల్ వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. గొట్టంలో పోసి కొంత తాగించాను, ముద్దలు చేసి కొంత నోట్లో కుక్కాను.

"వాడు దగ్గతా ఉండాడు" అంది రాజేశ్వరి.

"తవుడు దుమ్ము."

"ముక్కు కారతా ఉండాది."

"మార్గళి గదా రాజీ, నాకూ కారతా ఉండాది."

"డాక్టరమ్మను పిలవండి."

"ముందు తూకం ఎంతో తెలియనీ!"

తగ్గిన కొద్దీ నాకు ఆత్రం, ఆత్రం కొద్దీ తూకం. వారానికి రెండుసార్లు అదే ట్రక్కు, అదే మంచు, అదే హైవే. ఎక్కిన ప్రతిసారీ మిన్నల్ ఇంకాస్త తగ్గేవాడు. వాడు వదిలేసిన ఖర్జూరాలు పారేయడం నాకు ఇష్టం లేదు. అవి ఏమయ్యాయో కాసేపట్లో తెలుస్తుంది.

ఆఖరి ప్రయాణంలో కాటా నడిపే సెల్వంతో తగువు పెట్టుకున్నాను.

"నీ కాటాలో తప్పుండాది సెల్వం!"

"సార్, దినామూ ఇన్ని లారీలు ఎక్కతా ఉండాయి. ఒక్కడూ తప్పనలే."

"ఇంత మేత మేసే ఎద్దు ఎట్లా తగ్గతాడప్పా?"

"మేస్తా ఉండాడా సార్?"

"పెడతా ఉండాను."

"అది వేరే, ఇది వేరే సార్."

నాకు రోషం వచ్చింది. మందుల షాపు మిషను మీద నా బరువెంతో నాకు తెలుసు. ట్రక్కు దింపించి ఆ లారీల కాటా మీద నేనొక్కణ్ణే నిలబడ్డాను. అంకె చూసి ఎగిరి గంతేశాను. "చూసినావా! నేనింత లేను. తప్పే!"

సెల్వం నా బుగ్గ వంక చూశాడు. అందులో ఖర్జూరం ఉంది. తర్వాత నా చొక్కా జేబు వంక చూశాడు. అందులో ఇంకా ఉన్నాయి. "సార్, కాటా సరిగానే ఉండాది. ఎద్దు తగ్గినాడు, మీరు పెరిగినారు. అంతే."

అంతలో ట్రక్కులో మిన్నల్ దగ్గాడు. మామూలు దగ్గు కాదది. మెడ చాచి, కళ్ళ నీళ్ళు కారుతూ, ముందు కాళ్ళు వణుకుతూ దగ్గాడు. సెల్వం నవ్వు ఆగిపోయింది. "అయ్యో, పావం సార్!" అని గదిలోంచి రెండు గోనెపట్టలు తెచ్చి వాడి మీద కప్పాడు. "తూకం చాలు, ఇంటికి తీస్కపోండి."

ఇంటికి రాగానే మిన్నల్ కూలబడ్డాడు. పొట్ట ఉబ్బింది, ఊపిరి గరగరమంటోంది. నాకు నిజంగా భయమేసింది. ఆస్పత్రిలో మంచం మీద ఉన్న మామగారు గుర్తొచ్చారు. రాజేశ్వరి నన్ను అడక్కుండానే పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసేసింది.

డాక్టరమ్మ వచ్చి జ్వరం చూసింది, పక్కటెముకల మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. "నెమ్ము చేరిందన్నా. రెండు పక్కలా."

"నెమ్ముకూ తూకానికీ ఏం సంబంధమమ్మా? ఇంత బలమైన తిండి పెట్టినాను గదా!"

"జ్వరమొస్తే ఆకలి చస్తాది, కానీ లోపల పొయ్యి మాత్రం ఎప్పటికంటే పెద్దగా మండతాది. జబ్బుతో కొట్లాడేదానికి బలం కావల్ల గదా. ఒక్కొక్క ఊపిరి తీసేదానికి కూడా కష్టపడతా ఉండాడు. బయటి నుంచి కట్టెలు రాకపోతే ఏం చేస్తాడు? ఇంటి దూలాలే పీకి పొయ్యిలో పెట్టుకుంటాడు. ఒంట్లో కొవ్వు, కండ, అన్నీ కరిగిపోతాయి. కడుపేమో సగం నిద్రపోతా ఉండాది. దాంట్లో మీరు మినుములూ బెల్లమూ కుక్కితే పులిసి ఉబ్బింది." ఆమె సూది మందు ఎక్కిస్తూ అడిగింది. "మంచులో యాడికన్నా తీస్కపోయినారా?"

"ఒకసారి... అట్లా..."

"పళ్ళికొండకమ్మా. వారానికి రెండుసార్లు, ట్రక్కులో" అంది రాజేశ్వరి.

"ఎందుకు?"

"తూకానికి."

డాక్టరమ్మ చేతిలో పని ఆపి నా వంక చూసింది. "అంటే అన్నా, తూకం తగ్గిందేమో చూడబోయి తగ్గించినారు. తగ్గిందని మళ్ళీ చూడబోయి ఇంకా తగ్గించినారు."

నా తెలివితేటల్ని అంత పొదుపుగా అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మిన్నల్ బతికాడు. మందులు పడ్డాయి, పొట్ట దిగింది, మెల్లగా పచ్చగడ్డికి మూతి చాచాడు. వాడు మొదటి పరక నమిలినప్పుడు నేను ఏడ్చాననేది రాజేశ్వరి వాదన. కంట్లో దుమ్ము పడింది. కానీ డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. కండ తిరిగొచ్చినా ఊపిరితిత్తులు కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఈ ఏడు పరుగు మాటే ఎత్తొద్దు.

మామగారు చేతికర్రల మీద మా ఇంటికి వచ్చారు. ఆయనకు చెప్పడానికి నేను పెద్ద ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ఆయన నన్ను దాటుకుని నేరుగా పెరట్లోకి వెళ్ళి, ఎద్దు డొక్కకు చెవి ఆనించారు. మిన్నల్ ఆయన భుజం నాకాడు.

"లోపల గురక ఉండాదే అమ్మా" అన్నారు కూతురితో. రాజేశ్వరి కథంతా చెప్పేసింది, లుంగీ దుప్పటితో సహా, ఖర్జూరాలతో సహా. నేను గోడకు ఆనుకుని తిట్ల కోసం ఎదురుచూశాను. బహుమతి మనదే అని చెప్పుకున్న మనిషి ఇప్పుడు ఊరికి ఏమని చెబుతాడా అని సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆయన ఎద్దు గంగడోలు నిమురుతూ అన్నారు. "ఆస్పత్రిలో నన్ను కూడా దినామూ కాటా ఎక్కించినారప్పా. నేనూ తగ్గతానే పోయినాను. పరుగు పోతే పోనీలే, ఊపిరుండాది గదా."

పండగ రోజు ఆయన పక్కనే వెదురు వెనక నిలబడి ఇతరుల ఎద్దుల పరుగు చూశాను. మిన్నల్ ఇంట్లో గోనెపట్ట కింద వెచ్చగా ఉన్నాడు. మామగారు ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"అల్లుడా, మనోడు ఇప్పుడెంత తూగతాడు?"

"తెలీదు మామా."

"మంచిది" అన్నారాయన. "అట్లే ఉండు."

అందుచేత పాఠకులారా, మిన్నల్ మూపురం మీద చెయ్యి వేసి, మామగారూ భార్యా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ప్రాణమున్న దేన్నీ ఈ జన్మలో మళ్ళీ కాటా ఎక్కించను. లుంగీలు మాత్రం కొలుస్తాను. అవి దగ్గవు.