గట్టి చేతుల అంగీఠీలు

1948 నవంబరు ఒకటి, సోమవారం, ఉదయం ఎనిమిది గంటలకు మానుకోట దవాఖానలో బాలింతల గది బాధ్యత నాకు అప్పగించారు. ఇప్పటి మహబూబాబాదే అది. నేను జూనియర్ మంత్రసానిని. నా పైన డాక్టరమ్మ, నా కింద ఆయా మల్లవ్వ.

చలికాలానికి గదిని సిద్ధం చేయడం మొదటి పని. వానలకు గోడలు చెమ్మెక్కి ఉన్నాయి. ముందు బొగ్గు ఎండబెట్టాలి. తడి బొగ్గు పొగ చిమ్ముతుంది. అంగీఠీని, అంటే ఇనుప కుంపటిని, బయటే రాజేసి, మంట తగ్గి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తేవాలి. కిటికీ జానెడు తెరిచి ఉంచాలి. అయితే మా అంగీఠీలను పటాలం వాళ్లు తమ క్యాంపుకు పట్టుకుపోయారు. సాయుధ పోరాటం సాగుతున్న రోజులు. తిరిగి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కోస్తా నుంచి కొత్తగా వచ్చిన స్టోర్సు గుమాస్తా దగ్గరికి మల్లవ్వను పంపాను. నాలుగు అంగీఠీలు కావాలంటే, పెద్దవా చిన్నవా అని అడిగాడట.

"రెండు పెద్దయి, రెండు చిన్నయి సారు."

"చేతులు ఎలా ఉండాలి?"

"గట్టిగుండాలె. పట్టుకొని మోస్తం గద."

"మంచోడే నర్సమ్మా, కొలతలు గూడ రాసుకున్నడు" అన్నది మల్లవ్వ తిరిగొచ్చి.

గురువారం మూట వచ్చింది. విప్పితే నాలుగు చొక్కాలు. మా వైపు చొక్కాను అంగీ అంటారు. ఆయన ఆ మాట కొత్తగా నేర్చుకున్నాడు. చివరి 'ఠీ' వినలేదు.

నవ్వే తీరిక లేదు. ఆ పొద్దున్నే పక్క ఊరి ఎల్లమ్మకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఒళ్లు చల్లబడుతోంది. వెచ్చగా ఉంచకపోతే దక్కదని డాక్టరమ్మ చెప్పారు. వంటగది పొయ్యి మీద మూకుట్లో ఇసుక వేయించి, చిన్న అంగీల చేతులు కత్తిరించి, వాటిలో పోసి రెండు కొసలూ కట్టాను. మోచేతికి తాకించి వేడి చూసుకుని, గుడ్డ చుట్టి బిడ్డకు రెండు పక్కలా పెట్టాం. చల్లారిన కొద్దీ మార్చాం. పెద్ద అంగీ ఒకటి తల్లికి తొడిగాం.

"చేతులు గట్టియే ఇచ్చిండు" అన్నది మల్లవ్వ.

సాయంత్రానికి బిడ్డ పాలు తాగింది. మర్నాడు కొలతలు సరిపోయాయా అని కనుక్కోవడానికి గుమాస్తాయే వచ్చాడు. సంగతి తెలిసి తల పట్టుకున్నాడు.

"నాకైతే మంచిగ సరిపోయింది సారు" అన్నది ఎల్లమ్మ, అంగీ సర్దుకుంటూ. ఆయనా నవ్వాడు. తరవాతి వారం అసలు అంగీఠీలు పంపాడు.

అప్పటినుంచి ఏ వస్తువు అడిగినా, పేరుతో పాటు అది దేనికో కూడా చెప్పేదాన్ని.

పోయినవి: మాడిన అంగీ చేతులు రెండు, పగిలిన మట్టి మూకుడు ఒకటి. మరేమీ పోలేదు.