నల్ల బానెట్ మీద గుండ్రటి గీతలు

ఆళ్ళగడ్డలో నంద్యాల రోడ్డు మీద నాది బట్టల కొట్టు. ఎదురుగా రేకుల షెడ్డులో జిలాని కార్లు కడుగుతాడు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, మనిషికి చాదస్తం ఎక్కువ. బట్టల వ్యాపారికే గుడ్డ గురించి పాఠం చెప్పిన ఘనుడు.

కొత్తలో, పనికొస్తాయిలే అని నేను కట్‌పీసులు ఒక మూట కట్టి ఇచ్చాను. ఒక్కో ముక్కా చెంపకు ఆనించి చూసుకుని, "ఇవి నీ అంగట్లోనే పెట్టుకో శేఖరన్నా. ఈ అంచు కుట్టు తగిలినా నల్ల రంగు గీసుకపోతాది," అని మూట మూటంతా తిప్పి ఇచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు మాట్లాడలేదు.

తర్వాత అతని పని చూస్తూ కూర్చోవడం నాకే అలవాటైంది. ముందు ఉత్త నీళ్ళు కొట్టి దుమ్మంతా దించుతాడు. అప్పటిదాకా కారు మీద చెయ్యి వెయ్యడు. రెండు బకెట్లు, ఒకదాంట్లో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో మంచినీళ్ళు. కారును తాకిన గుడ్డను మంచినీళ్ళలో జాడించాకే మళ్ళీ సబ్బులో ముంచుతాడు. చక్రాల గుడ్డ చక్రాలకే. తుడిచేది ముందు నుంచి వెనక్కి ఒకే వరసలో, గుండ్రంగా తిప్పడం లేదు. గుడ్డ నేల మీద పడిందంటే ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. "తెల్ల కారు మన తప్పును కడుపులో పెట్టుకుంటాదన్నా. నల్లది ఊరంతా చెప్తాది," అంటాడు.

ఇదంతా నంద్యాలలో అన్వర్ ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నది. ఆ ఉస్తాద్ చూపు మందగించిన రోజుల్లో, ఇసుక అంటిన గుడ్డను గమనించక ఒక నల్ల కారును తుడిచాడట. కారు నిండా గీతలు. మర్నాడే ఆయన పని మానేశాడు. జిలానికి ఇప్పుడు యాభై రెండేళ్ళు. కళ్ళు చూపించుకోమని భార్య నూరున్నీసా ఏడాదిగా పోరుతోంది. చూపించుకుంటే ఏం చెప్తారోనని ఇతను తప్పించుకు తిరుగుతున్నాడు.

మొన్న గురువారం ఎరువుల వ్యాపారి నాగేశ్వరరావు కొత్త నల్ల కారు తెచ్చాడు. మర్నాడు అహోబిలంలో పూజ. జిలాని పొద్దంతా కడిగి, వ్యాక్స్ పెట్టి పంపాడు. శనివారం పది గంటలకు ఆ కారే తిరిగొచ్చింది. నాగేశ్వరరావు, ఆయన భార్య భ్రమరాంబ దిగారు.

"చూడప్పా నీ పనితనం," అన్నాడు నాగేశ్వరరావు బానెట్ చూపించి. ఎండకు ఆ నలుపు మీద సన్నటి గీతలు సాలెగూడులా కనబడుతున్నాయి. "పూజ చేసుకోని ఇంటికొచ్చినాం. పొద్దున చూస్తే ఇది. నీ గుడ్డలో ఇసుక ఉండింటాది. నేను టీ తాగొస్తా, ఏం చేస్తావో చెయ్."

ఆయన వెళ్ళాక జిలాని నా దగ్గరికొచ్చాడు. "గురువారం గాలి లేసింది కదన్నా. గుడ్డ ఒకటి కింద పడింది. మార్చినానో లేదో గ్యాపకం రాలే," అన్నాడు. "నా కండ్లు కూడా పోయినట్టుండాయి. ఇంగ షెడ్డు మూసేస్తా."

నాకు నిజంగా భయం వేసింది. ఊళ్ళో వాళ్ళు తాళాలు ఇతని చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్ళేది ఆ చాదస్తాన్ని నమ్మే. అదే పోతే ఇతనికి ఇంకేం మిగులుతుంది?

మూసేముందు ఒకసారి సరిగ్గా చూడమని నేనే అతన్ని షెడ్డుకు లాక్కెళ్ళాను. జిలాని కారును నీడలోకి తోసి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని వంగాడు. ఒక గీతకు అడ్డంగా గోటితో మెల్లగా లాగాడు. "గోరు ఆగలేదన్నా. రంగు దాకా పోలే. పై పొర మీదనే ఉండాది," అన్నాడు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ వంగాడు. ఈసారి చాలాసేపు లేవలేదు.

"శేఖరన్నా, అన్నీ గుండ్రంగా ఉండాయి. నేను గుండ్రంగా తుడవను కదా?"

"పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తుడవలేదు," అన్నాను.

వైపర్ మొదట్లో ఇరుక్కున్న పోగు ఒకటి లాగి నా అరచేతిలో పెట్టాడు. బట్టల వాణ్ణి, పోగు చూస్తే నాకు తెలియదా? కొబ్బరి పీచు.

షెడ్డు బయట బెంచీ మీద కూర్చున్న భ్రమరాంబ దగ్గరికి పోయి మెల్లగా అడిగాడు. "అక్కా, పూజకు బానెట్ మీద స్వస్తిక్ వేసింటారు కదా. పసుపు దేంతో తీసినారు?"

ఆమె తల దించుకుంది. "ఎండకు పట్టుకపోయింది జిలానీ. ఎంత తుడిచినా పోలా. పూజ సామాన్లు తోమినట్టే చింతపండు, పీచు పెట్టి తోమినా. ఆయనకు చెప్పలేదు."

నాకు నవ్వు ఆగలేదు. జిలాని మాత్రం నవ్వలేదు. అక్కడే నేల మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. "నీ పుణ్యమక్కా," అన్నాడు. కారు పాడుచేస్తే పుణ్యమేమిటో ఆమెకు అర్థం కాలేదు.

రెండు గంటలు పాలిష్ పట్టాడు. గీతలు పోయాయి. నాగేశ్వరరావు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "పోయినాయిలే. ఇంగమీదన్నా గుడ్డ చూసుకోప్పా," అన్నాడు.

"సరేన్నా," అన్నాడు జిలాని.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. చెయ్యని తప్పు నెత్తిన వేసుకోవడానికి ఈ మనిషికేం పట్టింది? నేను నోరు తెరిచేలోపే భ్రమరాంబ లేచింది. "గుడ్డ కాదు, పీచు. తోమింది నేను," అంది.

నాగేశ్వరరావు ఆమెను చూశాడు, బానెట్‌ను చూశాడు. "ఇత్తడి చెంబనుకుంటివా?" అన్నాడు.

"చెంబైతే గీత పడేది కాదు," అందామె.

బేరం తప్ప ఇంకో మాట రాని నాగేశ్వరరావు, జిలాని భుజం మీద చెయ్యి వేసి, "తప్పయిపాయ," అన్నాడు. జిలాని సిగ్గుపడి ఆమె వైపు తిరిగాడు. "ఈసారి అద్దం మీద వెయ్యండక్కా. దేవునికి యాడ వేసినా కనపడతాది."

వాళ్ళు బయల్దేరేలోపు జిలానిని బానెట్ ముందుకు లాగాను. అందులో మా కొట్టు బోర్డు తిరగబడి కనబడుతోంది. "చదువు, నీ కండ్ల సంగతి తేలిపోతాది," అన్నాను. తలకిందుల అక్షరాలన్నీ చదివి, అంచున చీమల్లా ఉన్న నా ఫోన్ నంబరు కూడా ఒక్క అంకె తప్పకుండా చెప్పాడు.

అప్పుడు నూరున్నీసాకు ఫోన్ చేశాడు. "సోమవారం కండ్ల డాక్టరు దగ్గరికి పోదాం. ఇప్పుడు నాకు భయం లేదు," అన్నాడు.