సర్వరుకు ఆయుధ పూజ చేస్తి!

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే! పోయినేడు అనంతపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఏడాది బాగా చేస్తే పర్మనెంట్ అన్నారు.

ఆయుధ పూజ ముందురోజు మా నాయన మడక, కొడవళ్లు అన్నీ కడిగి పెడతాడు. నేను కూడా అట్లే ల్యాబుకంతా నెట్ ఇచ్చే లినక్స్ సర్వరును తుడిచి, కొత్త అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేస్తి. అంతే, ల్యాబంతా ఇంటర్నెట్ పోయింది! ఆ రోజే ఆన్‌లైన్లో పరీక్ష దరఖాస్తులకు ఆఖరి దినం. పిల్లోళ్లు వాకిలి దాకా వరస కట్టినారు. చూస్తే సర్వరులోని రెండు నెట్‌వర్క్ కార్డులకూ ఐపీ అడ్రసులు లేవు, అవి లేకుంటే నెట్ రాదు. ఉద్యోగం పోతే నాయనకు ఏ మొగం చూపించేది?

లీవులో ఉన్న మా సీనియర్ బాషా అన్నకు ఫోన్ చేస్తి.

"అప్‌డేట్ చేయమని ఎవరు చెప్పినారమ్మా నీకు?"

"పండగ గదన్నా..."

"పండగని సర్వరుకు కొత్త బట్టలు పెట్టినావా! ఏడ్వాకు. కార్డుల పేర్లు చూడు, పాతవే ఉండాయా?"

లేవు! అప్‌డేట్‌తో రెండిటి పేర్లూ మారినాయి, అడ్రసులేమో పాత పేర్లకే రాసి ఉండాయి. అడ్రసుల కాడ కొత్త పేర్లు రాసి, కండ్లు మూసుకుని నెట్‌వర్క్ మళ్లా స్టార్ట్ చేసినా.

"అక్కా, వచ్చింది!" అని ఒక పాప అరిచింది. వరసలోని పిల్లోళ్లనంతా లోపలికి పిలిస్తి.

నిన్ననే పర్మనెంట్ ఆర్డరు చేతికొచ్చింది! మళ్లా ఆయుధ పూజ వస్తాంది. ఈసారి సర్వరుకు బొట్టు పెడతా, అంతే. అప్‌డేట్ మాత్రం బాషా అన్న పక్కనుంటేనే.