కొడవలి గీత పక్కిల్లు

సుల్తానా అబుత్‌బుల్‌కి అరవై రెండేళ్లు. ఎడారి నగరం బేర్షెబాలోని ఒక పరిశోధనశాలలో ముప్ఫై ఏళ్లుగా ఆమె పని ఒక్కటే: కణాలను పోతపోసిన జిగురు దిమ్మను వజ్రపు కత్తితో కంటికి ఆననంత పలచగా కోయడం. నీటి మీద తేలే ఆ పొరలను పుల్లకు అతికించిన కనురెప్ప వెంట్రుకతో దగ్గరకు నెడుతుంది. అప్పుడెవరైనా తుమ్మారో, అయిపోయారే!

ఆ గురువారం పొద్దున అక్కడే పరిశోధన చేసే రహాత్ ఊరి పిల్ల హదీల్ ఒక దిమ్మ పట్టుకొచ్చింది. అందులో ఏడు నెలల కష్టం ఉంది. కణం రెండుగా విడిపోతూ, చివరి దారం ఇంకా తెగని క్షణాన్ని మామూలు మైక్రోస్కోపులో కనిపెట్టి, మందు పోసి అక్కడికక్కడే ఆపేసింది. ఆ దారం లోపలేముందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే చూపించాలి. దిమ్మలో వేల కణాలు, కావలసింది ఒక్కటి. చుట్టూ చెక్కేసి ఆ కణం ఉన్న గడి ఒక్కటే మిగల్చాలి. గడి తప్పిందా, కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

“ఎడమ నుంచి మూడో గడి, ఖాలా. పటం ఇదిగో,” అంది. సుల్తానాని ఆమె ఖాలా, అంటే పిన్నీ, అనే పిలుస్తుంది.

కణాలను పెంచిన గాజు పళ్లెం మీద గీసిన గడులు దిమ్మ మీద కుడిఎడమలు తిరగబడి అచ్చు పడతాయి. సుల్తానాకి తెలియనిదా? పటాన్ని మనసులోనే తిప్పేసుకుని, కావలసిన గడి కుడివైపు ఉందని లెక్కేసి, బ్లేడుతో ఎడమ అంచు చెక్కడం మొదలుపెట్టింది.

“మొన్న మీ అక్క పెళ్లికి మీ ఊళ్లో గంట తిరిగానే! ఇంటికి నంబరు లేదు, వీధికి పేరు లేదు. నీళ్ల ట్యాంకు పక్కన, ఒంటెల వాళ్లింటి వెనక అంటావు. అదేం అడ్రసే?”

“తిట్టుకుంటూనే రెండు పళ్లేల అన్నం లాగించావుగా!”

“నోర్ముయ్. ఏదీ, ఈ కణానికీ అలాగే చెప్పు చూద్దాం.”

“కొడవలిలాంటి గీత పక్కిల్లు. ఎదురుగా చచ్చిన లావుపాటి కణం.”

సుల్తానా నవ్వుతూ కుడివైపు వెతికింది. గీత లేదు. బ్లేడు ఆగిపోయింది.

“కొడవలి ఏదే?”

హదీల్ గబుక్కున పటం లాక్కుని చూసింది. “పటం... నేను ముందే తిప్పి గీశాను ఖాలా.”

“నేనూ తిప్పానే, నా తల్లీ!”

ఇద్దరి తెలివీ కలిసి కొంప ముంచబోయింది. సుల్తానా ఎడమవైపు చూసింది. కొడవలి ఉంది, లావుపాటి శవమూ ఉంది. చెక్కిన అంచు ఒక్క గడి దూరంలో ఆగింది.

సాయంత్రానికి తెర మీద దారం కనబడింది, లోపల స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని. హదీల్ ఏడుస్తూ నవ్వుతూ ఆమెను వాటేసుకుంది. ముప్ఫై ఏళ్లుగా దిమ్మలు దాచే డబ్బాల మీద నంబర్లే రాసిన సుల్తానా, ఈ డబ్బా మీద ‘కొడవలి గీత పక్కిల్లు’ అని రాసింది.

“రేపు భోజనానికి మా ఇంటికి రా ఖాలా.”

“వస్తాను. దారి మళ్లీ చెప్పు, ఈసారి బుద్ధిగా వింటాను.”